వైట్ ఎలిఫెంట్: మాట ఇంగ్లిషుది, మేత ఖర్చు మనది

2023 డిసెంబర్ 1న రాయపూర్‌లో భారత్, ఆస్ట్రేలియా జట్ల మధ్య టీ20 మ్యాచ్ జరిగింది. భారత్ 20 పరుగుల తేడాతో గెలిచి, ఇంకో మ్యాచ్ మిగిలి ఉండగానే సిరీస్‌ను సొంతం చేసుకుంది. అయితే ఆ రోజు ఆట మొదలు కాకముందే దేశమంతా మాట్లాడుకున్న వార్త వేరే ఉంది. అంతర్జాతీయ మ్యాచ్ జరగాల్సిన ఆ స్టేడియానికి కరెంటు కనెక్షన్ లేదు. 3 కోట్ల 16 లక్షల రూపాయల బిల్లు బకాయి పడటంతో ఐదేళ్ల కిందటే, 2018లో, దాన్ని తొలగించారు. ప్రేక్షకుల గ్యాలరీలకు, బాక్సులకు సరిపడా తాత్కాలిక కనెక్షన్ ఒకటి ఉంది. ఫ్లడ్‌లైట్లను మాత్రం జనరేటర్ల మీద వెలిగించారు.

ఇలాంటి కట్టడాల గురించి రాసేటప్పుడు ఇంగ్లిషు పత్రికలు వాడే మాట ‘వైట్ ఎలిఫెంట్’. రాయపూర్ హిందీ పత్రికల్లో అది ‘సఫేద్ హాథీ’. మన దగ్గర ‘తెల్ల ఏనుగు’. అసెంబ్లీ ప్రసంగాల్లో, సంపాదకీయాల్లో, టీవీ చర్చల్లో ఈ మాట ఎంతగా అలవాటైపోయిందంటే, అది అరువు తెచ్చుకున్న జాతీయమన్న సంగతే చాలామందికి గుర్తుండదు. అలవాటైన కొద్దీ అర్థం కూడా పలుచబడింది. ఖర్చు ఎక్కువైన ప్రాజెక్టు తెల్ల ఏనుగు. ఆలస్యమైన ప్రాజెక్టు తెల్ల ఏనుగు. అవతలి పార్టీ కట్టించిన ప్రతిదీ తెల్ల ఏనుగే. కోట్ల రూపాయల ప్రజాధనం మీద తీర్పు చెప్పే మాటను ఇలా వాడితే, అడగాల్సిన ప్రశ్న పక్కకు పోతుంది.

మూడు షరతులు

ఒక వస్తువును వైట్ ఎలిఫెంట్ అనాలంటే అందులో మూడు లక్షణాలు కలవాలి. ఒకటి, అది గొప్పదై ఉండాలి. కనీసం గొప్పగా కనిపించాలి. చూసినవాళ్లు ‘అబ్బో’ అనాలి. రెండు, దాన్ని పోషించడానికి అయ్యే ఖర్చు దానివల్ల వచ్చే ప్రయోజనాన్ని మించిపోవాలి. మూడు, దాన్ని వదిలించుకునే దారి యజమానికి ఉండకూడదు. అమ్మితే కొనేవాడు ఉండడు, లేదా అమ్మితే పరువు పోతుంది.

ఖరీదు ఒక్కటే చాలదు. కోటి రూపాయలు పెట్టి చేసిన పెళ్లి దుబారా కావచ్చు, అప్పుల పాలు చేయవచ్చు. కానీ ఆ పెళ్లిని ఏటేటా మేపాల్సిన పని లేదు కాబట్టి అది తెల్ల ఏనుగు కాదు. పనికిరాకపోవడం ఒక్కటీ చాలదు. షెడ్డు మూలన పడి ఉన్న పాత స్కూటర్ పనికిరాదు. కానీ దానికి రోజూ పెట్టుబడి అక్కర్లేదు. పాత ఇనుము వాడికి ఇచ్చేస్తే గొడవ వదిలిపోతుంది.

మరి ఏది తెల్ల ఏనుగు? ఊళ్లో తాతల నాటి మండువా లోగిలి ఉంటుంది. పిల్లలు హైదరాబాద్‌లో ఒకరు, డల్లాస్‌లో ఒకరు. ఏడాదికోసారి సున్నం వేయించాలి, వానాకాలం ముందు పెంకులు సర్దించాలి, కాపలా మనిషికి జీతం ఇవ్వాలి. అందులో ఎవరూ ఉండరు. అమ్ముదామంటే ‘తాత కట్టిన ఇల్లు అమ్ముకున్నారట’ అని ఊరంతా అంటుంది. మూడు షరతులూ ఇక్కడ కలిశాయి. ఇంగ్లిషువాళ్లు తమ పల్లెల్లోని పెద్ద పెద్ద భవంతుల గురించి ఈ మాట వాడేది సరిగ్గా ఈ అర్థంలోనే.

అమెరికాలో ఉద్యోగాలు చేసే తెలుగువాళ్లకు ఈ మాట ఇంకో రూపంలో తగులుతుంది. డిసెంబర్‌లో ఆఫీసు నుంచి ‘వైట్ ఎలిఫెంట్’ పార్టీకి రమ్మని మెయిల్ వస్తుంది. ఇంట్లో పడి ఉన్న వింత వస్తువునో, తక్కువ ఖరీదు బహుమతినో పొట్లం కట్టి తీసుకెళ్లి, ఒకరిది ఒకరు మార్చుకునే ఆట అది. చర్చిలు, బడులు విరాళాల కోసం పెట్టే పాత సామాన్ల అమ్మకానికీ ఇదే పేరు ఉంది. ఈ వాడుకల్లో బరువు, పోషణ అన్న అర్థాలు పోయి, ‘నాకు అక్కర్లేనిది’ అన్న తేలికపాటి అర్థమే మిగిలింది. వార్తల్లో, విశ్లేషణల్లో కనిపించేది మాత్రం మొదటి అర్థమే.

సయాం కథలో నిజమెంత?

ఈ జాతీయం పుట్టుక గురించి ఒక కథ చెబుతారు. సయాం రాజుకు, అంటే ఇప్పటి థాయిలాండ్ రాజుకు, ఎవరైనా ఉద్యోగి మీద కోపం వస్తే శిక్షించేవాడు కాదట. తెల్ల ఏనుగును కానుకగా ఇచ్చేవాడట. అది పవిత్రమైనది కాబట్టి దానితో పని చేయించకూడదు. రాజు ఇచ్చింది కాబట్టి అమ్మకూడదు, వదిలేయకూడదు. మేపి మేపి ఆ ఉద్యోగి దివాలా తీసేవాడట.

కథ బాగుంది కానీ, సయాం రాజులు నిజంగా అలా చేశారనడానికి చరిత్రలో గట్టి ఆధారం లేదు. పైగా అక్కడ తెల్ల ఏనుగులు రాజు సొత్తు. దొరికిన ప్రతి తెల్ల ఏనుగూ రాజు చెంతకు చేరాల్సిందే. అంత విలువైన దాన్ని కోపం వచ్చినవాడికి దానం చేయడం నమ్మశక్యంగా లేదు. వాటి కోసం యుద్ధాలే జరిగాయి. తనకు తెల్ల ఏనుగులు పంపమని బర్మా రాజు బయిన్నౌంగ్ కబురు పెట్టడం, అయుత్థయ రాజు ఒప్పుకోకపోవడం 1563లో మొదలైన యుద్ధానికి నెపమయ్యాయి. 1917 వరకు సయాం జాతీయ జెండా మీద ఉన్నది తెల్ల ఏనుగు బొమ్మే. 1861లో నెలకొల్పిన అక్కడి రాజ పురస్కారానికీ దాని పేరే పెట్టారు.

ఇంగ్లిషులో మాత్రం 19వ శతాబ్దంలో ‘మోయలేని గొప్ప’ అన్న అర్థం స్థిరపడింది. దానికి సర్కస్‌వాళ్లు మరో రంగు అద్దారు. అమెరికాలో పేరుమోసిన ప్రదర్శనకారుడు పీటీ బార్నమ్ 1884లో బర్మా నుంచి ఎంతో ఖర్చు పెట్టి తెల్ల ఏనుగును తెప్పించాడు. తీరా చూస్తే అది తెల్లగా లేదు. బూడిద రంగు ఒంటి మీద అక్కడక్కడా గులాబీ మచ్చలు ఉన్నాయి. తెల్ల ఏనుగులన్నీ దాదాపు అలాగే ఉంటాయి. అతని పోటీదారు ఆడమ్ ఫోర్‌పా మామూలు ఏనుగుకు తెల్ల రంగు పూయించి ఊరేగించాడు. జనానికి నచ్చింది అదే.

మన ఏనుగు వేరు

ఈ మాట తెలుగులోకి వచ్చేసరికి ఒక చిక్కు ఉంది. మన సంప్రదాయంలో తెల్ల ఏనుగు భారం కాదు, భాగ్యం. పాల సముద్రం చిలికినప్పుడు పుట్టిన ఐరావతం ఇంద్రుడి వాహనం. బుద్ధుడు పుట్టబోయే ముందు మాయాదేవి కలలో కనిపించింది తెల్ల ఏనుగే. అమరావతి శిల్పాల్లో ఆ కల ఉంది.

పల్నాడులోని గోలి బౌద్ధ శిల్పాల్లో వెస్సంతర జాతక కథ చెక్కి ఉంది. ఆ కథలో శిబి రాజ్యపు యువరాజు దగ్గర ఒక తెల్ల ఏనుగు ఉంటుంది. అది ఎక్కడుంటే అక్కడ వానలు కురుస్తాయి. కరవుతో అల్లాడుతున్న కళింగ దేశం నుంచి బ్రాహ్మణులు వచ్చి అడిగితే యువరాజు దాన్ని దానం చేసేస్తాడు. అప్పుడు జనం తిరగబడతారు. మా వానను ఎవరికో ఇచ్చేశావంటూ అతన్ని దేశం నుంచి వెళ్లగొట్టిస్తారు. ఇంగ్లిషు జాతీయంలో తెల్ల ఏనుగును వదిలించుకోలేక మనిషి నాశనమవుతాడు. జాతక కథలో దాన్ని వదులుకున్నందుకు దేశం పాలవుతాడు.

మన సామెతలదీ ఇదే దారి. ‘ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే’ అంటాం. విలువ తగ్గని దానికి ఏనుగు గుర్తు. భారానికి తెలుగులో వేరే మాట ఉంది. అది గుదిబండ. దూకుడు పశువు పరిగెత్తకుండా మెడకు కట్టే కర్ర దుంగ అది. అయితే గుదిబండకు, వైట్ ఎలిఫెంట్‌కు తేడా ఉంది. గుదిబండను చూసి ఎవరూ ముచ్చటపడరు, అది మెడకు తగిలించుకుంటే గౌరవమని ఎవరూ అనుకోరు. తెల్ల ఏనుగును మాత్రం మేళతాళాలతో ఇంటికి తెచ్చుకుంటాం. భారమని తెలిసేది ఊరేగింపు అయిపోయాక. ఈ తేడా వల్లనే గుదిబండ ఉండగా కూడా తెలుగుకు ఈ అరువు మాట అవసరమైంది.

రాయపూర్ స్టేడియం లెక్క

ఇప్పుడు ఈ కొలతతో రాయపూర్ స్టేడియాన్ని చూద్దాం. దాని పేరు షహీద్ వీర్ నారాయణ్ సింగ్ అంతర్జాతీయ క్రికెట్ స్టేడియం. సోనాఖాన్ జమీందారు అయిన నారాయణ్ సింగ్, కరవు కాలంలో వ్యాపారి గోదాములోని ధాన్యాన్ని ఆకలితో ఉన్నవాళ్లకు పంచిపెట్టాడు. 1857 డిసెంబర్ 10న బ్రిటిష్‌వాళ్లు ఆయనకు రాయపూర్‌లో మరణశిక్ష అమలు చేశారు. ఆయన పేరుతో కొత్త రాజధాని నవా రాయపూర్‌లో కట్టిన ఈ స్టేడియం 2008లో సిద్ధమైంది. దేశంలోని పెద్ద క్రికెట్ మైదానాల్లో ఒకటి. మొదటి షరతు, అంటే గొప్ప, నెరవేరింది.

కానీ ఆట లేదు. 2013లో ఢిల్లీ ఐపీఎల్ జట్టు తన సొంత మ్యాచ్‌లు కొన్ని ఇక్కడ ఆడింది. తర్వాత కొన్నేళ్లలో మరికొన్ని జరిగాయి. మొదటి అంతర్జాతీయ మ్యాచ్ మాత్రం 2023 జనవరి 21న, న్యూజిలాండ్‌తో జరిగిన వన్డే. అంటే స్టేడియం కట్టిన 15 ఏళ్లకు. ఈలోపు 2018లో హాఫ్ మారథాన్ కోసం వచ్చిన అథ్లెట్లు స్టేడియంలో కరెంటు లేదని గొడవ చేశారు. 2009 నుంచి బిల్లే కట్టలేదన్న సంగతి అప్పుడు బయటికొచ్చింది. కట్టడం పూర్తయ్యాక నిర్వహణను ప్రజాపనుల శాఖకు అప్పగించారు, మిగతా ఖర్చులు క్రీడాశాఖ భరించాలన్నారు. బిల్లు కట్టాల్సింది మీరంటే మీరని రెండు శాఖలూ చేతులు దులుపుకున్నాయి.

ఇక్కడ చిన్న లెక్క వేస్తే సంగతి తెలుస్తుంది. 3 కోట్ల 16 లక్షలను 2009 నుంచి 2018 వరకు తొమ్మిదేళ్లకు పంచితే ఏడాదికి 35 లక్షలు, నెలకు మూడు లక్షల లోపు. అంత పెద్ద స్టేడియం కట్టగలిగిన రాష్ట్రానికి ఇది మోయలేని మొత్తం కాదు. అంటే రెండో షరతు ఇక్కడ కథలో చెప్పినట్టు నెరవేరలేదు. మేత ఖరీదై ఏనుగు పస్తుండలేదు. మేత వేయాల్సినవాడు ఎవరో తేలక పస్తుంది.

సయాం కథకు, మన ప్రభుత్వ కట్టడాలకు అసలు తేడా ఇక్కడే ఉంది. కథలో ఏనుగును అందుకున్నవాడే మేపాలి, అతనే దివాలా తీయాలి. కాబట్టి దాన్ని చూసి భయపడేవాడు కూడా అతనే. ప్రభుత్వంలో కట్టించేవారు ఒకరు, రిబ్బన్ కత్తిరించేవారు ఒకరు, నిర్వహించేవారు మరొకరు. డబ్బు మాత్రం వీళ్లెవరిదీ కాదు, పన్ను కట్టేవాళ్లది. ఎవరూ సొంతంగా నష్టపోరు కాబట్టి ఎవరూ ముందుగా భయపడరు.

స్కైవాక్ ఏ జాతీయానికి సరిపోతుంది?

రాయపూర్‌లో ఈ పేరు మోసిన మరో కట్టడం స్కైవాక్. నగరం నడిబొడ్డున శాస్త్రి చౌక్, జైస్తంభ్ చౌక్, అంబేడ్కర్ ఆసుపత్రి ప్రాంతాల్లో పాదచారులు రోడ్డు మీది రద్దీలో చిక్కుకోకుండా పైనుంచి నడిచి వెళ్లాలని తలపెట్టిన వంతెన అది. లిఫ్టులు, ఎస్కలేటర్లు కూడా ఉండాలన్నది ఆలోచన. బీజేపీ ప్రభుత్వ కాలంలో పనులు మొదలయ్యాయి. సుమారు 50 కోట్ల అంచనా 77 కోట్లకు పెరిగింది. 2018 డిసెంబర్‌లో కాంగ్రెస్ ప్రభుత్వం వచ్చాక పని ఆగింది. కూల్చాలా, పూర్తి చేయాలా, మరో దానికి వాడాలా అని ఐదేళ్లు చర్చ నడిచింది. ఆ ఐదేళ్లూ ఇనుప అస్థిపంజరం రోడ్డు మీద అలాగే నిలబడి ఉండిపోయింది. 2023 డిసెంబర్‌లో బీజేపీ తిరిగి అధికారంలోకి వచ్చింది. మిగిలిన పని కోసం 2025లో రూ.37 కోట్ల 75 లక్షలకు పైగా మంజూరు చేశారు.

దీన్ని తెల్ల ఏనుగు అనడం తొందరపాటు. పూర్తికాని వంతెనకు పోషణ ఖర్చు, ప్రయోజనం అన్న తూకమే లేదు. ఇంకా పుట్టని ఏనుగు మేత గురించి మాట్లాడలేం. ఆ ఐదేళ్ల స్థితికి తెలుగులోనే చక్కటి మాట ఉంది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. కూలిస్తే పెట్టిన డబ్బు వృథా అంటారు, పూర్తి చేస్తే అవతలివాళ్ల పథకాన్ని ఒప్పుకున్నట్టవుతుంది. స్కైవాక్‌కు ఏనుగు పరీక్ష మొదలయ్యేది అది తెరుచుకున్నాక. ఎస్కలేటర్లు చెడిపోతే బాగుచేసేదెవరు, రాత్రి దీపాలకు, ఊడ్పుకు డబ్బు ఏ పద్దు నుంచి వస్తుంది, జనం మెట్లెక్కి నడుస్తారా, కింద నుంచే దాటుతారా అన్నవి అప్పటి ప్రశ్నలు.

నవా రాయపూర్ నగరాన్ని కూడా చాలాకాలం ఇదే మాటతో కొట్టిపారేశారు. విశాలమైన రోడ్లున్నాయి, మనుషులు లేరన్నారు. 2012లో సచివాలయం అక్కడికి మారినా ఉద్యోగుల్లో ఎక్కువమంది పాత ఊరి నుంచే వచ్చి వెళ్లేవారు. అమరావతి చర్చల వల్ల తెలుగువాళ్లకు ఈ వాదన బాగా పరిచయం. అయితే నగరాన్ని తూచాల్సింది ఐదేళ్ల తక్కెడలో కాదు.

ఆ మాట ఎప్పుడు సరైనది?

తెలుగు రాష్ట్రాల్లో ఈ మాట ఎక్కువగా వినిపించిన సందర్భాలను చూస్తే మూడు షరతుల ఉపయోగం తెలుస్తుంది. కాళేశ్వరంలో 2023 అక్టోబర్‌లో మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగడం నిర్మాణ లోపానికి సంబంధించిన ప్రశ్న. దానికి తెల్ల ఏనుగు అన్న మాట అతకదు. గోదావరి నీటిని అర కిలోమీటరుకు పైగా ఎత్తుకు తోడటానికి ఏటా అయ్యే కరెంటు ఖర్చు, ఆ నీటితో పండే పంట విలువకు తగినంతేనా అన్నది మాత్రం అచ్చంగా ఏనుగు మేత ప్రశ్న. ఈ రెండింటినీ కలిపేస్తే దేనికీ జవాబు రాదు. విశాఖలో రుషికొండ భవనాల విషయంలో మూడో షరతు ముందుకొస్తుంది. 2024లో ప్రభుత్వం మారాక, కట్టి ఉన్నవాటిని ఏం చేయాలి, దేనికి వాడాలి అన్నదే పెద్ద ప్రశ్నయింది.

ప్రపంచంలో ఈ మాటకు నిలువెత్తు ఉదాహరణగా చెప్పేది కెనడాలోని మాంట్రియల్ ఒలింపిక్ స్టేడియం. 1976లో జరిగిన రెండు వారాల క్రీడల కోసం చేసిన అప్పు 2006లో గానీ తీరలేదు. పైకప్పు మరమ్మతులు ఆ తర్వాతా ఆగలేదు. ఇందుకు విరుద్ధమైన ఉదాహరణా ఉంది. 1889 ప్రదర్శన కోసం పారిస్‌లో కట్టిన ఈఫిల్ టవర్‌ను పనికిరాని ఇనుప గుట్ట అని కళాకారులు ఈసడించారు. దానికి ఇచ్చిన అనుమతి 20 ఏళ్లకే. గడువు ముగిసేలోగా రేడియో సంకేతాలకు అది పనికొస్తుందని తేలడంతో నిలిచిపోయింది. కొత్త పని దొరికితే ఏనుగు తెల్లదనం పోతుంది.

రాయపూర్ స్టేడియానికి కూడా పని పెరుగుతోంది. 2025 డిసెంబర్ 3న అక్కడ భారత్, దక్షిణాఫ్రికా వన్డే జరిగింది. 359 పరుగుల లక్ష్యాన్ని దక్షిణాఫ్రికా ఛేదించింది. పదిహేనేళ్లు అంతర్జాతీయ ఆట చూడని మైదానంలో ఇప్పుడు పెద్ద జట్లు ఆడుతున్నాయి. అందుకే తెల్ల ఏనుగు అన్నది శాశ్వత తీర్పు కాదు. ఫలానా ఏడాది జమాఖర్చు చూసి చెప్పాల్సిన మాట.

ఇంగ్లిషులోనైనా తెలుగులోనైనా ఈ జాతీయాన్ని వాడేముందు వేసుకోవాల్సిన ప్రశ్నలు మూడే. ఏటా దీనికి ఎంత కావాలి? ఎవరిస్తారు? వద్దనుకుంటే ఏం చేయవచ్చు? వీటికి జవాబులు చెప్పకుండా తెల్ల ఏనుగు అనేస్తే అది తిట్టు మాత్రమే. పైగా ఆ తిట్టు ఏనుగుకు తగులుతుంది గానీ మేత సంగతి చూడకుండా దాన్ని తెచ్చినవాళ్లకు తగలదు. మన ఊళ్లలో ఏ ప్రభుత్వ భవనం ముందు చూసినా శిలాఫలకం ఉంటుంది. శంకుస్థాపన చేసినవారి పేరు, ప్రారంభించినవారి పేరు, అధ్యక్షత వహించినవారి పేరు, విచ్చేసిన అతిథుల పేర్లు వరసగా ఉంటాయి. కరెంటు బిల్లు కట్టాల్సిన శాఖ పేరు అందులో ఉండదు. ఆ ఒక్క వరస అదనంగా చెక్కించి ఉంటే, రాయపూర్‌లో ఆ సాయంత్రం జనరేటర్ల అవసరం ఉండేది కాదేమో.